ఆటగాళ్లకిచ్చే అర శాతం సీట్ల మీద ఇంత అక్కసెందుకు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. పది రోజుల కిందట మీ లేఖల శీర్షికలో ఒక పెద్దమనిషి రాసింది చదివాను. ఖోఖోలో పతకాలున్న మన జిల్లా అమ్మాయికి ట్రిపుల్ ఐటీలో సీటు రాలేదన్న వార్త మీద ఆయన స్పందన అది. ఆటలాడుకునే పిల్లలకు వేరే కాలేజీలు పెట్టుకోండి, చదువుకునేవాళ్ల సీట్లు లాక్కోవద్దు అని తీర్పిచ్చేశారు. ఐఐటీల్లో కూడా ఆడితే చాలు సీటిచ్చేస్తున్నారు, దేశం ఏమైపోతుందో అని చివర్లో ఒక నిట్టూర్పు. కోపం చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు.

ముందు ఐఐటీ సంగతే చూద్దాం. నెల్లూరులో పినాకిని ఎక్కితే మూడు గంటల దూరంలో ఉన్న మద్రాసు ఐఐటీ 2024-25 నుంచి క్రీడాకారులకు విడిగా అడ్మిషన్లు మొదలుపెట్టింది. ఒక్కో కోర్సులో 2 సీట్లు, అందులో 1 అమ్మాయిలకు. ఇవి ఉన్న సీట్లకు అదనంగా వేసినవి. ఎవరి అబ్బాయి సీటూ కోసి ఇచ్చినవి కావు. పోనీ ఆడితే చాలా అంటే, చాలదు. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుల జాబితాలో పేరుండాలి. గడిచిన 4 ఏళ్లలో జాతీయ స్థాయిలోనో అంతర్జాతీయ స్థాయిలోనో పతకం ఉండాలి. మరుసటి ఏడాది సంగీతం, నాట్యం వంటి కళల్లో పేరు తెచ్చుకున్నవాళ్లకూ ఇలాగే సీట్లు పెట్టారు. దానికీ అడ్వాన్స్‌డ్ గట్టెక్కాల్సిందే. ఒక్క సైన్స్ ఒలింపియాడ్ పిల్లలకే ఆ ర్యాంకుతో పని లేకుండా చేశారు. పెద్దాయన దేన్ని చూసి దేశం మునిగిపోతోందన్నారో నాకైతే అర్థం కాలేదు. మన పిలకాయల్లో అడ్వాన్స్‌డ్ జాబితాలోకి ఎక్కి, జాతీయ పతకం కూడా తెచ్చినవాడు దొరికితే ఊరేగించాలి. తిట్టిపోయడమెందుకు?

ఢిల్లీ విశ్వవిద్యాలయం ఇంకొంచెం ముందుకెళ్లింది. అక్కడ ఆటల కోటాలోగానీ, కళల కోటాలోగానీ ప్రవేశ పరీక్ష మార్కులకు 25 శాతం విలువ, మిగతా 75 శాతం సర్టిఫికెట్లకూ ట్రయల్స్‌కూ. పిల్లను మైదానంలోకి దింపి ఆడించి చూస్తారు, పాడించి వింటారు. దాంట్లోనూ మనకో చిక్కుంది. వాళ్ల డిబేట్, రచన విభాగాలు ఇంగ్లీషుకూ హిందీకే. తిక్కన కవిత్వం చెప్పిన ఊళ్లో పుట్టి, పదిహేనేళ్లకే ఆశువుగా పద్యం చెప్పే పిల్లాడున్నా వాడికి అక్కడ చోటు లేదు. అయినా ఆడించి చూడాలన్న బుద్ధి వాళ్లకు పుట్టింది, అదే పదివేలు.

ఇక మన రాష్ట్రం. ట్రిపుల్ ఐటీలకు టెన్త్ మార్కులే ఆధారం. ఒంగోలుతో సహా నాలుగు క్యాంపస్‌లలో కలిపి 4 వేల పైచిలుకు సీట్లు. అందులో క్రీడాకారులకు 0.5 శాతం, అంటే ఇరవై చిల్లర. జిల్లాకొకటి చొప్పున పంచినా సరిపోవు. అన్ని ఆటలూ, అందరు ఆటగాళ్లూ ఆ ఇరవై చిల్లరలోనే కొట్టుకోవాలి. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లోనూ అదే 0.5 శాతం. ఉద్యోగాల్లో క్రీడా కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచామని కొత్త క్రీడా విధానంలో గొప్పగా చెప్పుకున్నారు. సంతోషం, నేనూ చప్పట్లు కొట్టాను. కానీ ఆ ఉద్యోగానికి చదువు కావాలి కదండీ? చదివే చోట అర శాతం, కొలువు దగ్గర మూడు శాతం. మధ్యలో రాలిపోయిన పిల్లలు ఎక్కడికి పోవాలి?

నేను జిల్లాపరిషత్ హైస్కూల్లో పీడీగా, అంటే ఆటల టీచరుగా చేసి రిటైరయ్యాను. నా దగ్గర ఆడిన ఒక అమ్మాయి ఉంది. ఆ అమ్మాయి సంగతి ఏ పేపర్లోనూ రాలేదు. సముద్రం పక్క పల్లె, నాన్న పడవ మీద పని. డిసెంబర్లో స్కూల్ గేమ్స్ నేషనల్స్‌కి వెళ్లి, తిరిగొచ్చేసరికి సంక్రాంతి సెలవులు. ఆ వెంటనే ప్రీ ఫైనల్స్. లెక్కల్లో ఎలా రాసిందో చెప్పక్కర్లేదు. సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కి ఆ తండ్రికి తోడుగా నేనూ వెళ్లాను. పాలిథిన్ కవర్లో పెట్టి తెచ్చిన కాగితాలను బల్ల అవతలి ఆయన తిరగేసి, 'ఖోఖోనా? ఇది ఒలింపిక్స్‌లో ఉందా?' అని నవ్వారు. తర్వాత సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందుంది, టెన్త్ మెమోలో వెనకుంది, అసోసియేషన్ సెక్రటరీ నుంచి లెటర్ తెమ్మన్నారు. సాయంత్రం ఐదింటికి గడువు. సెక్రటరీ గారి ఫోన్ స్విచ్చాఫ్. ఆ పిల్ల మోకాళ్ల మీద పోల్ డైవ్ కొట్టి కొట్టి కాయలు కాచిన మచ్చలున్నాయి. వాటికి అటెస్టేషన్ ఎవరు చేస్తారు?

ఆయన నవ్విన ఆటకే 2025 జనవరిలో ఢిల్లీలో ప్రపంచ కప్ జరిగింది. మగవాళ్లదీ ఆడవాళ్లదీ రెండూ మన దేశమే గెలిచింది. గెలిచిన జట్టులోని పోతిరెడ్డి శివారెడ్డి ప్రకాశం జిల్లా కుర్రాడు. కప్పు వచ్చిన వారం అందరూ శాలువాలు పట్టుకుని క్యూ కట్టారు.

దొంగ సర్టిఫికెట్ల మాట ఆ పెద్దమనిషి ఎత్తారు. ఉన్నాయి, నేను కాదనను. కౌన్సెలింగ్ వారంలో పుట్టుకొచ్చే చాంపియన్లను నేనూ చూశాను. దానికి మందు చాలా తేలిక. మన దగ్గర చూసేది కాగితాలను. పిల్లను పిలిచి షూ వేసుకుని పోల్ చుట్టూ తిరగమనండి, చేజింగ్‌లో ఖో ఇవ్వమనండి. ఐదు నిమిషాల్లో బండారం బయటపడుతుంది. దానికి అధికారులు ఏసీ గదిలోంచి ఎండలోకి రావాలి, అదే ఇబ్బంది. దొంగను పట్టుకోవడం చేతకాక ఆడినవాళ్లందరినీ అనుమానంగా చూడటం ఏం న్యాయం?

అసలు మెరిట్ అంటే ఏమిటో కూడా కాస్త మాట్లాడుకోవాలి. నెల్లూరంటే ఒకప్పుడు మొలగొలుకుల బియ్యం, ఇప్పుడు ర్యాంకులు. తెల్లవారుజామున లేపి రాత్రి పదకొండింటిదాకా స్టడీ అవర్లో కూర్చోబెడితే వచ్చిన మార్కు మెరిట్. అదే తెల్లవారుజామున గ్రౌండ్‌కి పోయి, తిరిగొచ్చి బస్సు పట్టుకుని బడికెళ్లిన పిల్లకు వచ్చిన మార్కు మాత్రం లోకువ. ఇద్దరికీ రోజుకు 24 గంటలే. ఇంటర్ కాలేజీలు అపార్ట్‌మెంట్ అంతస్తుల్లో నడుస్తున్నాయి, గ్రౌండ్ అన్న కాలమ్ దగ్గర తనిఖీకొచ్చినవాళ్లు ఏం రాసుకుంటున్నారో వాళ్లకే తెలియాలి. నేషనల్స్‌కి పంపమని అడిగితే, పంపుతాం, వస్తూ టీసీ తీసుకెళ్లండి అన్న ప్రిన్సిపాల్‌ని నేను చూశాను. జేఈఈ మెయిన్ మొదటి విడత జనవరిలో. స్కూల్ నేషనల్స్ కూడా ఆ చుట్టుపక్కల నెలల్లోనే. రెండింటి క్యాలెండర్లూ వేసేవాళ్లు ఒకరితో ఒకరు ఒక ఫోన్ మాట్లాడుకోలేరా?

పుల్లెల గోపీచంద్ పుట్టింది నాటి ప్రకాశం జిల్లా నాగండ్లలో. ఇంజనీరింగ్ ఎంట్రన్స్‌లో తప్పాను కాబట్టే ఆటలో మిగిలాను అని ఆయనే చాలాసార్లు చెప్పారు. 2001లో ఆల్ ఇంగ్లాండ్ బ్యాడ్మింటన్ గెలిచాడు కాబట్టి ఆ మాటకు అందరం నవ్వుతాం. గెలవని గోపీచంద్‌లు ఊరికి ఇద్దరున్నారు. వాళ్లు ఎంట్రన్సూ తప్పి, కాలేజీ సీటూ లేక, మెడల్స్ గోడకు తగిలించి ఆక్వా కంపెనీల్లో రొయ్యలు ఒలిచే పనికి పోతున్నారు.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ఆ 0.5ను కనీసం 2 చేయండి, ఉన్న సీట్లకు అదనంగానే వేయండి. అప్పుడు ఆ పెద్దమనిషికీ బెంగ ఉండదు. విజయవాడలో కూర్చుని కాగితాలు చూడటం మాని, జిల్లా స్టేడియంలో ట్రయల్స్ పెట్టండి. నేషనల్స్‌కి వెళ్లిన పిల్లలకు ప్రీ ఫైనల్సూ, ప్రాక్టికల్సూ మళ్లీ రాసే వీలివ్వండి.

మీకూ ఒక మాట, సార్. క్రీడా కోటా నోటిఫికేషన్ మీ జిల్లా పేజీలో అగ్గిపెట్టె అంత వచ్చింది, అదీ గడువు ముందురోజు. ఫలితాల మర్నాడు మాత్రం మొదటి పేజీ నిండా పాస్‌పోర్టు ఫొటోలే, పక్కన ఒకటి, ఒకటి, ఒకటి అని అంకెలు. ఈ ఉత్తరం మొత్తం వేయడానికి చోటు చాలకపోతే ఆ ఫొటోల్లో ఒక్క వరస తగ్గించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీడీ,
కావలి, నెల్లూరు జిల్లా