పాత ఆర్డర్ల మెయిల్స్ వెతకడంలో మా ఆలస్యం గురించి

మన ప్రెస్సు కస్టమర్లందరికీ నమస్కారం.

"పోయినసారి వేసిన కార్డే మళ్లీ కావాలి" అని మీరు ఫోన్ చేస్తే, "చూసి చెప్తామండీ" అని సాయంత్రం దాకా చెప్పకపోవడం చాలామంది విషయంలో జరిగింది. తప్పు మాదే. మీ ఫైలు ఎక్కడికీ పోలేదు, మెయిల్లోనే ఉంది. మేం మౌస్‌తో పేజీల మీద పేజీలు తిప్పుతూ వెతికేవాళ్లం. ఇప్పుడు కౌంటర్లో అందరం కీబోర్డుతోనే వెతుకుతున్నాం. ఆ పద్ధతి ఇక్కడ రాస్తున్నాం, మీ ప్రూఫులు (ప్రింటుకి ముందు పంపే నమూనాలు), బిల్లులు మీరే తీసుకోవడానికీ పనికొస్తుంది.

జీమెయిల్ కంప్యూటర్లో తెరిచి సెట్టింగ్స్‌లో 'సీ ఆల్ సెట్టింగ్స్' నొక్కండి. జనరల్ ట్యాబ్‌లో కీబోర్డ్ షార్ట్‌కట్స్ ఆన్ చేసి, పేజీ అడుగున ఉన్న 'సేవ్ ఛేంజెస్' నొక్కాలి. చాలామంది ఈ చివరి బటన్ మర్చిపోయి, షార్ట్‌కట్లు పనిచేయడం లేదనుకుంటారు. ఆ తర్వాత స్లాష్ కీ కొడితే కర్సర్ నేరుగా సెర్చ్ పెట్టెలోకి వెళ్తుంది. ఫలితాల్లో జె కిందికి, కె పైకి తీసుకెళ్తాయి. ఎంటర్ మెయిల్ తెరుస్తుంది, యు మళ్లీ జాబితాకి తెస్తుంది. తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉంటే ఇవేవీ పలకవు. విండోస్‌లో అయితే విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కి ఇంగ్లిష్‌కి మార్చుకోండి.

అసలు బలం సెర్చ్ పెట్టెలో ఏం రాస్తామన్నదాంట్లో ఉంది. మేం ఎక్కువగా వాడేది ఇది: 'ఫ్రమ్:' పక్కన మీ మెయిల్ అడ్రస్, తర్వాత 'ఫైల్‌నేమ్:పీడీఎఫ్', ఆ తర్వాత 'ఆఫ్టర్:2024/03/01'. ఇవన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి, కోలన్ పక్కన ఖాళీ వదలకూడదు, తేదీలో ముందు సంవత్సరం రావాలి. మీరు 2024 మార్చి మొదలు పంపిన పీడీఎఫ్‌లు మాత్రమే మిగులుతాయి. ఫైలు 25 ఎంబీ దాటితే జీమెయిల్ దాన్ని గూగుల్ డ్రైవ్ లింకుగా మార్చి పంపుతుంది. అలాంటివాటిని 'హ్యాజ్:డ్రైవ్' అని వెతకాలి. స్పామ్, ట్రాష్ మామూలు సెర్చ్‌లోకి రావు కాబట్టి, ఎక్కడా దొరకనప్పుడు 'ఇన్:ఎనీవేర్' చేర్చండి. ఆ రెండు చోట్లా 30 రోజులు దాటినవి శాశ్వతంగా పోతాయి.

పొడవైన సంభాషణలో ఒక్క మాట వెతకాలంటే కంట్రోల్ ఎఫ్ ఒక్కటే చాలదు, మడిచి ఉన్న మెయిల్స్‌ను అది చూడదు. ముందు సెమికోలన్ కొట్టి అన్నీ విప్పి, అప్పుడు వెతకండి. విండోస్ డెస్క్‌టాప్‌లో పాత అవుట్‌లుక్ వాడేవాళ్లు మాత్రం కంట్రోల్ ఎఫ్ కొట్టొద్దు. అక్కడ అది ఫార్వర్డ్. సెర్చ్‌కి కంట్రోల్ ఇ.

ఇందులో మాకు తగిలిన దెబ్బ కూడా చెప్పాలి. కర్సర్ సెర్చ్ పెట్టెలో లేకుండా టైప్ చేస్తే చాలా అక్షరాలు ఆజ్ఞలే అవుతాయి. మెయిల్ తెరిచి ఉండగా ఎమ్ పడితే ఆ సంభాషణ మ్యూట్ అయిపోతుంది. మీరు మళ్లీ రాసినా ఇన్‌బాక్స్‌లో కనపడకపోవచ్చు. ఇ పడితే ఆర్కైవ్, అంటే మెయిల్ ఇన్‌బాక్స్ నుంచి తప్పుకుంటుంది. వెంటనే జెడ్ కొడితే వెనక్కి వస్తుంది, గమనించకపోతే లేదు. కొందరి మెయిల్స్‌కి జవాబు రాకపోవడానికి కారణం ఇదే. 'ఈజ్:మ్యూటెడ్' అని వెతికి వాటిని బయటికి తీశాం, ఒక్కొక్కరికీ జవాబిస్తున్నాం.

మీ నుంచి రెండు సాయాలు కావాలి. ఆర్డర్ నంబరుకి ముందు ఖాళీ వదిలి 'ఆర్డర్ 4471' అని రాయండి. రెండూ అతికించి రాస్తే, 4471 అని వెతికినప్పుడు మీ మెయిల్ రాదు, పదంలో ముక్కని జీమెయిల్ పట్టుకోదు. అలాగే ప్రూఫులో మార్పులుంటే అదే మెయిల్‌కి రిప్లై ఇవ్వండి, కొత్త పనికి మాత్రం కొత్త మెయిల్ మొదలుపెట్టండి. సబ్జెక్ట్ మారిస్తే సంభాషణ విడిపోయి, పాత ప్రూఫు ఒకచోట, మీ సవరణ మరోచోట పడతాయి. అలా విడిపోయినప్పుడే తప్పు వెర్షన్ ప్రింటుకి వెళ్లే ప్రమాదం.

పాత మెయిల్‌కి మా జవాబు ఇంకా రానివాళ్లు, దయచేసి ఆర్డర్ నంబరుతో మరొక్కసారి కొత్తగా రాయండి.