తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయిని లేఖ: సారీ నాకెందుకు?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఏడో తరగతి గొడవ మీద వాట్సాప్ గ్రూపులో తలా ఒకటి రాస్తున్నారు కాబట్టి జరిగింది నేనే చెబుతాను. ఈ ఏడు కుప్పం నుంచి వచ్చి చేరిన అమ్మాయి మాటలో కాస్త తమిళ యాస ఉంటుంది. ఒకబ్బాయి దాన్ని వెక్కిరించాడు, క్లాసంతా నవ్వింది. పాప రెండు రోజులు బడికి రాలేదు. (మన తిరుపతి వాళ్ళం యాసను వెక్కిరించడమేమిటో! హైదరాబాద్ వెళితే మన సంగతీ అంతే.) తర్వాత అబ్బాయి నా పేరిట క్షమాపణ పత్రం తెచ్చాడు. చేతిరాత వాడిదే, వాక్యాలు పెద్దవాళ్ళవి. తిరిగి ఇచ్చేశాను. అది కొందరికి నా మొండితనంగా కనిపించిందట.

వాడు తప్పు చేసింది నాకు కాదు కదండీ! మన కొండ కథే చూడండి. భృగు మహర్షి స్వామి గుండెల మీద తన్నాడు, గర్వం అణిగాక స్వామినే మన్నించమన్నాడు. ఆ గుండెల్లో కాపురమున్న అమ్మవారి ఊసెత్తలేదు. ఆవిడ అలిగి కొల్హాపురం వెళ్ళిపోయింది. నొప్పి తగిలినవాళ్ళను వదిలేసి పెద్దవాళ్ళ కాళ్ళు పట్టుకోవడం మన పిల్లలకు బాగా అలవాటైంది, నేర్పింది మనమే. క్షమాపణ అడిగితే ఎదురుగా నిలబడి, చేసిందేదో చెప్పి అడగాలి. ‘తమాషాకి అన్నాను’ అని తోక తగిలించకూడదు.

శుక్రవారం ఇద్దర్నీ వేపచెట్టు కింద కూర్చోబెట్టి కాస్త ఎడంగా నిలబడ్డాను. వాడు బూటు కొసతో మట్టి గీకి గీకి, ‘ముందు నేను నవ్వాను, అందుకే అందరూ నవ్వారు’ అన్నాడు. ‘సరే, నా జామెట్రీ బాక్సు కూడా ఇచ్చెయ్’ అంది పాప. ఆ బాక్సు సంగతి మాకెవరికీ తెలీదు!

మా ఖోఖో కెప్టెన్ గురించి చెప్పకుండా ఉండలేను. మండల పోటీల్లో రెఫరీ చూడకపోయినా ‘నాకు తగిలింది సార్’ అని తనే బయటికొచ్చేసింది. మ్యాచ్ పోయింది. అయినా ఆ పిల్లను తలుచుకుంటే నాకు కడుపు నిండిపోతుంది.

ఇక ఇంటి సంగతి. నీళ్ళ సీసా పారేశావని గేటు దగ్గరే బిడ్డ వీపు మీద ఒకటిచ్చిన నాన్నగారికి, సాయంత్రం అది తన బండి డిక్కీలోనే దొరికిందట. బిడ్డకు ఐస్‌క్రీమ్ కొనిచ్చారట. సంతోషమే, నోటితో ఒక్క మాట కూడా అనుంటే ఇంకా సంతోషించేదాన్ని.

అపార్ (విద్యార్థి శాశ్వత గుర్తింపు సంఖ్య) సమ్మతి పత్రాలు శనివారంలోగా ఇవ్వండి. తిరుచానూరు బ్రహ్మోత్సవాలు అయ్యేదాకా ఆ రూటు బస్సు పది నిమిషాలు ముందే వస్తుంది.

ఏడో తరగతి విషయంలో ఇంకా అడగాల్సింది ఉంటే సాయంత్రం నాలుగు తర్వాత నా గదికి రండి. గ్రూపులో ఆ పాప పేరు రాసినవారు ముందు వాళ్ళమ్మగారికి ఫోన్ చేసి, ఆ తర్వాత రండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని