గడువు దాటాక కాదు, ముందే అడగాలి

సంపాదకులకు,

అరువు మీద సరుకిచ్చే కంపెనీలు చాలావరకు గడువు దాటాకే బాకీ గురించి ఆలోచిస్తున్నాయి. అప్పటికే ఆలస్యమైపోతుంది. ఎన్నో బిల్లులు ఆగేది అవతల డబ్బు లేక కాదు. పర్చేజ్ ఆర్డర్ (కొనేవారు ఇచ్చే ఆర్డరు పత్రం) నంబరు బిల్లు మీద వేయకపోవడం, రేటులో తేడా, సరుకు ముట్టినట్టు సంతకం లేకపోవడం వల్ల. అలాంటి బిల్లు కొన్నవారి అకౌంట్స్ విభాగంలో మూలన పడి ఉంటుంది, ఆ సంగతి మనకెవరూ చెప్పరు. పెద్ద బిల్లులకైనా గడువుకు వారం ముందు ఫోన్ చేసి, "బిల్లు అందిందా, పాసైందా, ఏ తేదీన చెల్లిస్తారు?" అని అడగాలి. చెప్పిన తేదీని, చెప్పినవారి పేరును లెడ్జర్‌లోనే రాసిపెట్టుకోవాలి.

బాకీలను, ఎన్ని రోజులుగా రావాల్సి ఉన్నాయో దాన్ని బట్టి 30, 60, 90 రోజుల వరసల్లో పెట్టి వారం వారం చూడాలి. 60 రోజులు దాటిన ఖాతాకు సరుకు ఆపాలా వద్దా అని తేల్చే అధికారం సేల్స్ వారికి ఇవ్వకూడదు. అమ్మకాల టార్గెట్ నెత్తిన ఉన్నవారు "ఈ ఒక్కసారికి" అనే అంటారు, వారి తప్పేం కాదు.

తొందరగా కడితే రాయితీ అనేముందు లెక్క వేసుకోండి. 30 రోజుల బిల్లును 10 రోజుల్లో కడితే 2 శాతం తగ్గింపు అంటే, 20 రోజుల ముందు డబ్బు కోసం ఏడాదికి దాదాపు 37 శాతం వడ్డీ కట్టినట్టే.

ఇట్లు,
ఒక అకౌంటెంట్