అది పిచ్చి బొంత కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో అమెరికా క్రేజీ క్విల్ట్ ఫోటో వేసి కింద "పిచ్చి బొంత, చేతికొచ్చిన ముక్క చేతికొచ్చినట్టు కుట్టేస్తారు" అని రాశారు. ఫోటో చూసి ఎంత సంతోషమేసిందో ఆ లైను చదివి అంత బాధేసింది, రెండేళ్ళ నుంచి ఆ కుట్టే నేర్చుకుంటున్నాను కాబట్టి రాయకుండా ఉండలేకపోయాను.

క్రేజ్ అన్న మాటకి పాత అర్థం పగలడం. పాత పింగాణీ కప్పు మీద సన్నగా నెర్రెలు వస్తాయి చూడండి, దాన్ని ఇంగ్లీషులో క్రేజింగ్ అనే అంటారు, ఈ క్విల్ట్ మీద ముక్కలు కూడా అచ్చం అలాగే ఉంటాయి. 1876లో ఫిలడెల్ఫియాలో, అమెరికాకి స్వాతంత్ర్యం వచ్చి వందేళ్ళయిందని పెద్ద ఎగ్జిబిషన్ పెడితే అందులో జపాన్ వాళ్ళ పింగాణీ, తెరలు చూసి అక్కడి వాళ్ళు ముచ్చటపడిపోయారు, రెండు పక్కలా ఒకేలా లేకపోయినా ఇంత అందంగా ఉంటుందా అని. ఆ పోకడే క్విల్ట్‌లలోకీ వచ్చింది, 1880ల్లో ఈ క్విల్ట్‌ల మోజు ఎంత పాకిందంటే సిల్కు కంపెనీలు ముక్కల్ని ప్యాకెట్లు కట్టి మరీ అమ్మేవి. పాత క్విల్ట్‌ల మీద అన్ని విసనకర్రలు కనపడేది ఆ జపాన్ మోజు వల్లే. సాలెగూడు కూడా కుట్టేవాళ్ళు, అదృష్టమని.

ఇక చేతికొచ్చినట్టు కుట్టడం సంగతి. కింద ఆధారానికి ఒక నూలు గుడ్డ ఉండాలి, మధ్యలో ఐదు మూలల ముక్క పెట్టి, రెండో ముక్కని దాని మీద బోర్లా వేసి అంచు కుట్టి, తిరగేసి ఇస్త్రీ చేసి, అలా చుట్టూ తిరుగుతూ పోవాలి. ఎక్కడన్నా మూల లోపలికి పడిందంటే అక్కడ ఏ ముక్కా కూర్చోదు, విప్పాల్సిందే. ఇలా కుట్టిన చదరాన్ని గడి అంటాను, అలాంటి గడులు కలిపితేనే క్విల్ట్; నా మొదటి గడి మూడు సార్లు విప్పాను. మా వీధి టైలర్ దగ్గర జాకెట్టు ముక్కలు సంచీడు తెచ్చుకుంటే అందులో పది పనికొస్తాయి, ఎందుకంటే పట్టు పక్కన పట్టే పడితే రెండూ వెలవెలబోతాయి, మధ్యలో వెల్వెట్ లాంటి మందపాటిది ఒకటి రావాలి. ఆ పైన ప్రతి అతుకు మీదా అందానికి ఫెదర్ స్టిచ్చో, హెరింగ్‌బోనో, కాజా కుట్టో వెయ్యాలి. ఒక జానెడు గడికి నాకు నాలుగు రోజులు పడుతుంది!

మా అమ్మాయి వాళ్ళుండేది ఒహాయోలో. పక్కింటి పెద్దావిడ వాళ్ళ ముత్తవ్వ కుట్టిన క్విల్ట్‌ని పాత దుప్పట్లో చుట్టి తెచ్చి మంచం మీద పరిచింది. వెల్వెట్ ముక్కలు నిన్న కుట్టినట్టున్నాయి, గోధుమరంగు పట్టు ముక్కలు మాత్రం నిలువునా చీలికలై, నేను వేలు ఆనించగానే పొడి రాలింది. భయపడి చెయ్యి తీసేశాను. తప్పు కుట్టినావిడది కాదు. పట్టు పోగుకి పుట్టుకతో ఉండే జిగురు తీసేస్తే బరువు దాదాపు పావు వంతు తగ్గుతుంది, ఆ బరువు మళ్ళీ రావాలని అప్పటి మిల్లుల వాళ్ళు తగరం, ఇనుము ఉప్పుల్లో నానబెట్టేవాళ్ళు, ఆ ఉప్పులే లోపల్నుంచి పోగుని తినేశాయి. ముక్కలు పోయిన చోట కూడా ఆవిడ వేసిన ఫెదర్ స్టిచ్ అలాగే నిలబడి ఉంది, ఏ కుట్టు ఏ అతుకుదో లెక్కపెట్టుకోవచ్చు.

మన బొంత వేరు, నిజమే. మా అత్తగారు పాత నేత చీరలు నాలుగు పొరలు పరిచి పెద్ద సూదితో కుట్టేవారు, చలికి కప్పుకోడానికి. అమెరికా వాళ్ళ క్రేజీ క్విల్ట్‌లు చాలావాటికి లోపల దూది కూడా ఉండదు, ముందుగదిలో నలుగురూ చూడ్డానికి పరిచేవాళ్ళు. కానీ ఏ ముక్క ఎవరిదో రెండు చోట్లా తెలుసు. మా బొంత ఎడమ అంచున ఉన్న ఎర్ర ముక్క మా ఆడపడుచు ఓణీ, ఆమె ఎప్పుడొచ్చినా ముందు అక్కడే చెయ్యి వేస్తుంది. అలాంటిదాన్ని పట్టుకుని రాజకీయ వార్తల్లో మీరు "అతుకుల బొంత" అని తిట్టుగా రాస్తారు, అది చదివినప్పుడల్లా నాకు మా అత్తగారి చేతి కుట్టే గుర్తొస్తుంది, ఇన్నేళ్ళయినా ఒక్క పోగు ఊడలేదు.

వీలైతే ఆ లైను సవరించి, ఫోటో ఇంకోసారి పెద్దది చేసి వెయ్యండి, అతుకుల మీది కుట్లు కనపడేలా.

ఇట్లు,
మీ పాఠకురాలు,
తెనాలి