బ్యాటు కొనే ముందే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి శిబిరాల్లో పిల్లలను ఏయే ఆటల్లో చేర్పించవచ్చో వివరిస్తూ మీ జిల్లా పేజీలో ఇటీవల వచ్చిన కథనం చదివాను. టేబుల్ టెన్నిస్ గురించి రాసిన నాలుగు వాక్యాల్లో ఫీజు ఉంది, వేళలు ఉన్నాయి, చివర ‘బ్యాటు ఎవరిది వారే తెచ్చుకోవాలి’ అన్న మాట కూడా ఉంది. ఎలాంటి బ్యాటు తెచ్చుకోవాలో మాత్రం లేదు. తల్లిదండ్రులు డబ్బు పోగొట్టుకునేదీ, పిల్లలు తప్పుడు అలవాట్లు పట్టుకునేదీ సరిగ్గా అక్కడే కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

రెండేళ్ల కిందట, పదేళ్ల మా అబ్బాయిని శిబిరంలో చేర్పించే ముందు రోజు క్రీడాసామగ్రి దుకాణానికి తీసుకెళ్లాను. దుకాణదారు పెట్టె మీద ఐదు నక్షత్రాలున్న కార్బన్ బ్యాటు చూపించి, ‘ఇది కొంటే మళ్లీ మార్చే పనే ఉండదు మేడమ్’ అన్నాడు. ఖరీదు ఎక్కువ కాబట్టి మంచిదే అయి ఉంటుందనుకున్నాను. వారం తిరిగేసరికి వాడు కొట్టిన బంతుల్లో సగం బల్ల దాటి గోడకు తగులుతున్నాయి. బంతి ఎగిరిపోతుందన్న భయంతో వాడు చేతిని పూర్తిగా ఊపడం మానేసి, తలుపు తట్టినట్టు ఊరికే తాకించడం మొదలుపెట్టాడు. కోచ్ ఆ బ్యాటును పక్కన పెట్టించి క్లబ్బులోని పాత చెక్క బ్యాటు చేతికిచ్చాక గానీ భయం పోలేదు. అలవాటు పోవడానికి మరో మూడు నెలలు పట్టింది.

నక్షత్రాల సంగతి ఆ తర్వాతే తెలిసింది. అవి తయారీదారులు తమ సరుకుకు తామే వేసుకునే మార్కులే తప్ప అన్ని కంపెనీలకూ వర్తించే కొలత కాదు. కార్బన్ అన్న పేరు చూసి మొత్తం కార్బనే అనుకోవడమూ పొరపాటే. అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య నిబంధనల ప్రకారం రబ్బరు అతికించే పలక మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్కే ఉండాలి, చెక్క పొరల మధ్య పెట్టే ఒక్కో కార్బన్ నార పొర 0.35 మిల్లీమీటర్లకు మించకూడదు. ఆ సన్నని పొరే పలకను గట్టిపరచి బంతిని త్వరగా వదిలిస్తుంది. స్ట్రోకు కుదిరినవారికి ఆ వేగం పనికొస్తుంది. కుదరని పిల్లలకు బంతి బ్యాటుకు తగిలిందో లేదో తెలిసేలోపే వెళ్లిపోతుంది.

నేర్చుకునేవారికి ఐదు పొరల మామూలు చెక్క పలక, దానికి రెండు వైపులా నున్నటి రబ్బరు, ఆ రబ్బరు కింద 1.5 నుంచి 1.8 మిల్లీమీటర్ల స్పాంజి చాలు. స్పాంజి మందం పెరిగేకొద్దీ బంతి అందులోకి లోతుగా దిగి వేగమూ స్పిన్నూ పెరుగుతాయి, దాంతోపాటు బంతిని అదుపు చేయడమూ కష్టమవుతుంది. రబ్బరు, స్పాంజి, జిగురు అన్నీ కలిపి ఒక్కో వైపు 4 మిల్లీమీటర్లు దాటకూడదన్న హద్దు ఊరికే రాలేదు. 1952లో మన బొంబాయిలో జరిగిన ప్రపంచ పోటీలకు జపాన్ ఆటగాడు హిరోజీ సతో మందపాటి స్పాంజి బ్యాటుతో వచ్చి, చప్పుడు లేకుండా వచ్చిపడే బంతులను అంచనా వేయలేక ప్రత్యర్థులు తికమకపడుతుండగా సింగిల్స్ టైటిల్ గెలుచుకుపోయాడు. 1959లో రబ్బరు మందానికి కొలతలు వచ్చాయి.

బరువుకు మాత్రం నిబంధనల్లో హద్దేమీ లేదు, కాబట్టి అది పిల్లవాడి మణికట్టు చెప్పాల్సిందే. దుకాణంలో ఒక ఐదు నిమిషాలు వాడి చేతికిచ్చి ఊపించి చూడండి. అక్కడే ఒక బంతి అడిగి తీసుకుని రబ్బరు మీద అదిమి లాగండి: బంతి పట్టుకున్నట్టు ఆగితే రబ్బరు బాగున్నట్టు, గాజు మీద జారినట్టు జారిపోతే అది ఎన్నాళ్లుగానో గోడకు వేలాడి ఎండిపోయినట్టు. మేము కొన్న ఐదు నక్షత్రాల బ్యాటును ఇప్పుడు ఇలా పరీక్షిస్తే బంతి ఎక్కడా ఆగదు.

మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ప్రీక్వార్టర్స్ దాకా వెళ్లాక ఆడపిల్లలు ఈ ఆటవైపు ఇంకా రావాలని నాలాంటివాళ్లకు ఆశగా ఉంది. అయితే మన దేశపు మరో క్రీడాకారిణి మనికా బత్రా బ్యాక్‌హ్యాండ్‌కు వాడిన పొడవాటి బొడిపెల రబ్బరే తమకూ కావాలని మొదటి నెలలోనే పట్టుబట్టే పిల్లలనూ చూశాను. స్పిన్ అంటే ఏమిటో తెలియకముందే స్పిన్‌ను తిప్పికొట్టే రబ్బరు ఇవ్వడం వల్ల ప్రయోజనం లేదు. ఇక పోటీలకు వెళ్లేవారు గమనించాల్సింది మరొకటి ఉంది. రబ్బరు మీద సమాఖ్య ఆమోద ముద్ర ఉండాలి, ఒక వైపు నలుపు తప్పనిసరి. మా అబ్బాయితో ఆడే ఒక పాప ముద్ర లేని బ్యాటుతో వెళ్లి, రిఫరీ కాదనడంతో ఎవరిదో బ్యాటు అరువు తీసుకుని తొలి మ్యాచ్‌లోనే ఓడి ఏడుస్తూ బయటికొచ్చింది.

శిబిరాల నిర్వాహకులు ఫీజు రసీదుతో పాటు ఈ వివరాలున్న చిన్న కాగితం ఇవ్వాలనీ, మొదటి వారం క్లబ్బు బ్యాట్లతోనే ఆడించి, ఆ తర్వాత కోచ్ చెప్పిన బ్యాటే కొనమని తల్లిదండ్రులకు చెప్పాలనీ కోరుతున్నాను. మీ జిల్లా పేజీలోనూ ఎవరైనా అనుభవజ్ఞులైన కోచ్ చేత దీనిపై ఒక వ్యాసం రాయించగలరు. శిబిరాలు మొదలయ్యే లోపు అది అచ్చయితే మేలు. ఆ తర్వాత వస్తే చాలామంది అప్పటికే దుకాణానికి వెళ్లి వచ్చేసి ఉంటారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హనుమకొండ