తాతయ్య పెట్టెలో పసుపు ఉండ

చిరంజీవి సుధకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలు మునుపటంత బాధ పెట్టడం లేదు. చిన్నాడు పరీక్షల టెన్షన్‌లో ఉన్నాడు. విశేషం ఉండి రాయడం లేదు, ఊరికేనే. నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు కదా, ఉత్తరమైతే తీరిక ఉన్నప్పుడు చదువుకుంటావని.

అటక సర్దుతుంటే తాతయ్య కెమిస్ట్రీ పెట్టె దొరికింది. అదే, కొయ్య ఉండలూ స్టీలు స్ప్రింగులూ ఉన్నది. అందులో ఒక ఎర్ర ఉండ పోగొట్టి బాబాయి మీద చెప్పావు, గుర్తుందా? రంగు పెచ్చులూడింది గానీ రంధ్రాలు బాగానే ఉన్నాయి. నలుపు కార్బన్, తెలుపు హైడ్రోజన్, ఎరుపు ఆక్సిజన్. 1865లో హాఫ్‌మన్ అనే రసాయన శాస్త్రవేత్త లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఉపన్యాసమిస్తూ క్రోకే ఆట బంతులతో అణువులు కట్టి చూపించాడు. ఆ రంగులే ఇప్పటికీ నడుస్తున్నాయి. కాకపోతే ఆయన కట్టినవి బల్లపరుపుగా ఉండేవి. కార్బన్ నాలుగు చేతులూ బల్లపరుపుగా కాక నాలుగు మూలలకు చాచి ఉంటాయని 1874లో వాంట్ హాఫ్, లె బెల్ ఎవరికి వారు చెప్పాక గానీ అణువులకు కుడీ ఎడమా ఎలా వస్తాయో తెలిసిరాలేదు.

అన్నట్టు, మీ చిన్నత్త ఏదో అంది. మొన్న నీ దగ్గరికి వచ్చినప్పుడు పాలు మాడి గిన్నె నల్లబడుతున్నా, పక్కనే ఉన్న నీకు తెలియలేదట. జ్వరం వచ్చి తగ్గాక నీకు వాసనలు తెలియడం లేదేమోనని దాని అనుమానం. నేను పట్టించుకోలేదు. అది గోరంతలు కొండంతలు చేస్తుందని తెలిసిందేగా.

పెట్టె సంగతికి వస్తే, ఆదివారం నేనూ చిన్నాడూ కూర్చుని పుదీనా వాసన కట్టాం. ఆ వాసన ఇచ్చే అణువు పేరు కార్వోన్. పది నల్లవి, పద్నాలుగు తెల్లవి, ఒక ఎర్రది. ముందు ఆరు నల్లవాటితో వలయం చెయ్యాలి. జంట బంధాలు మూడు, ఒక్కోదానికి రెండేసి స్ప్రింగులు వంచి దూర్చాలి. వంచుతుంటే ఒకటి చేతిలోంచి జారి అమ్మ కుట్టుమిషను కిందికి ఎగిరింది. నేను నేల మీద పాకుతూ వెతుకుతుంటే వాడు ఫోన్‌లో మునిగిపోయాడు. సరే, అది పూర్తయ్యాక అద్దంలో దాని ప్రతిబింబం ఎలా ఉంటుందో అలా రెండోది కడదామంటే నల్ల ఉండలు చాలలేదు. వలయానికి తగిలించే మిథైల్ (ఒక నల్లది, మూడు తెల్లవి) బదులు ఆకుపచ్చ క్లోరిన్ ఉండ గుచ్చేశాం. తాతయ్య ఉంటే ఊరుకునేవారు కాదు.

"రెండూ ఒకటే కదా నాన్నా, తిప్పితే సరిపోతుంది" అన్నాడు. తిప్పమన్నాను. వలయం మీద వలయం పెట్టి, ఎర్ర ఉండలు రెండూ ఒకచోటికి తెస్తే, ఒకదానికి పక్కకొమ్మ పైకి ఉంది, ఇంకోదానికి కిందికి. ఎటు తిప్పినా అంతే. చివరికి ఒకే ఒక్క కార్బన్ దగ్గర తెల్ల ఉండనూ పక్కకొమ్మనూ పీకి, చోట్లు మార్చి గుచ్చాడు. అప్పుడు అచ్చు గుద్దినట్టు కలిశాయి. తేడా అంతే తల్లీ! ఒక వాటంగా ఉంటే పుదీనా, రెండో వాటంగా ఉంటే సోయికూర గింజల వాసన. అమ్మ చేత కళ్లు మూయించి రెండు వాసనలూ చూపిస్తే, ఇవి రెండూ ఒకే సామానుతో చేసినవంటే ఎవరు నమ్ముతారంది. మన ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు సుమారు 400 రకాలు. వాటికీ కుడీ ఎడమా ఉంది, కుడిచేతి తొడుగు ఎడమచేతికి పట్టనట్టు. ఆ గ్రాహకాల జన్యువులను 1991లో బయటపెట్టిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ వచ్చింది.

నువ్వూ ఒకసారి పుదీనా నలిపి చూడు, సరదాకే. పిప్పర్‌మెంట్ బిళ్ల చప్పరించి చల్లగా ఉందంటే మాత్రం లెక్కలోకి రాదు. మెంథాల్ చల్లదనం, మిరపకాయ మంట వేరే నరాల పని. ముక్కు మొరాయించినా అవి తెలుస్తూనే ఉంటాయి. ఉప్పు, పులుపు, తీపి, చేదు నాలుక చూసుకుంటుంది. కాబట్టి "నాకు రుచి బాగానే తెలుస్తోంది నాన్నా" అని తప్పించుకోకు. నీకేదో అయిందని కాదు, మాటవరసకి చెబుతున్నాను.

లవంగంలో యూజెనాల్, వెనిలాలో వెనిలిన్ కూడా కట్టాం. వలయం ఒకటే, దాని మీద రెండు తగిలింపులు కూడా ఒకటే, తోక ఒక్కటే తేడా. చిన్నాడు మొత్తం విప్పకుండానే తోక మార్చి లవంగాన్ని వెనిలా చేసేశాడు.

లవంగం అంటే గుర్తొచ్చింది. జర్మనీలో డ్రెస్డెన్‌లో హమ్మెల్ అనే డాక్టరు బృందం 2009లో ఒక అధ్యయనం ప్రచురించింది. వాసన పోయినవాళ్ల చేత గులాబీ, యూకలిప్టస్, నిమ్మ, లవంగం వాసనలు రోజుకు రెండుసార్లు, 12 వారాల పాటు చూపించారు. అందరికీ కాదు గానీ, కొందరికి మెరుగైంది. ఒక్కోటి పది సెకన్లు, అంతే. పొద్దున పళ్లు తోముకున్నాక, రాత్రి పడుకోబోయే ముందు. నాలుగు చిన్న సీసాలు కట్టి పంపుతున్నాను, మూతల మీద పేర్లు అమ్మ రాసింది. అలాగని వాటితో సరిపెట్టుకోకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకో. ఇంటర్నెట్‌లో చదివి నీకు నువ్వే వైద్యం చేసుకోకు. నీళ్లు సరిగ్గా తాగుతున్నావా అసలు?

పెట్టె అడుగున ఒకే ఒక పసుపు ఉండ ఉంది, గంధకం. రెండు నల్లవి, ఆరు తెల్లవి దానికి కలిపితే ఇథైల్ మెర్కాప్టాన్. వంటగ్యాస్‌కు చెప్పుకోదగ్గ వాసన ఉండదు కాబట్టి, లీకైతే తెలియాలని దీన్ని కలుపుతారు. రవ్వంత ఉన్నా ముక్కు పట్టేస్తుంది. పట్టే ముక్కయితే. ఇది కట్టి బల్ల మీద పెట్టాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

గ్యాస్ లీక్ అలారం ఒకటి బిగించుకో. సిలిండర్ గ్యాస్ గాలి కన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది, అందుకని గోడకు బాగా కిందగా పెట్టించు. రాత్రి రెగ్యులేటర్ కట్టేసి పడుకో. ఫ్రిజ్‌లో పెట్టేవాటి మీద తేదీ రాయి, వాసన చూసి పారేద్దామనుకోవద్దు. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు చెబితే అమ్మ వస్తానంటోంది, ఆ మోకాలితోనే. తేదీ తొందరగా చెప్పు, తర్వాత టికెట్లు దొరకవు.

మీ నాన్న

తా.క. చిన్నత్త మీద విరుచుకుపడకు. గుచ్చి గుచ్చి అడిగింది నేనే.