పిల్లల ఆనవాళ్ల కార్డు ఇవ్వాలి
బిడ్డ తప్పిపోతే ఆనవాళ్లు చెప్పడానికి మన ఇళ్లలో సరైన రికార్డే ఉండటం లేదు. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగలో మైకులో వినిపించేది 'ఎర్ర చొక్కా, నాలుగేళ్ల బాబు' లాంటి మాటలే. ఆ జనంలో ఎర్ర చొక్కాలకు కొదవా! కంగారులో కన్నవాళ్లకు పుట్టుమచ్చ ఎక్కడుందో కూడా గుర్తురాదు; ఫోన్‌లో వెతికితే ఏడాది కిందటి బర్త్‌డే ఫొటో, అదీ ఫిల్టర్ వేసింది. ఆధార్ ఉందిలే అనుకోవడానికీ లేదు, ఐదేళ్లలోపు పిల్లలకిచ్చే బాల ఆధార్‌కు వేలిముద్రలు తీసుకోరు. అంగన్‌వాడీల్లో ఎత్తు, బరువు ఎలాగూ రాస్తున్నారు. అప్పుడే తాజా ఫొటో, పుట్టుమచ్చలు, వాడే మందులు చేర్చి కార్డు తయారు చేయాలి. ఆరు నెలలకోసారి మార్చాలి. వెనుక అత్యవసర సాయానికి 112, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్లు అచ్చు వేయాలి. కార్డు మాత్రం తల్లిదండ్రుల దగ్గరే ఉండాలి, ఆఫీసు బీరువాలోనో వాట్సాప్ గ్రూపులోనో కాదు.
– ఒక పాఠకురాలు, నెల్లూరు